అనుమతి అడిగిన యంత్రం

ఇంజిన్ రాజుకోవడానికి సరిగ్గా అయిదు సెకన్ల ముందు, ఆకుపచ్చ వెలుగులో 99 అనే అంకె మినుకుమినుకుమంటుంది. మండించమంటారా అని కంప్యూటర్ అడుగుతోందన్నమాట. లెక్క మొత్తం కట్టింది అదే. నౌక ఏ దిక్కుకు తిరిగి ఉండాలో, ఏ క్షణాన నిప్పు అంటుకోవాలో, ఎంతసేపు మండాలో దానికి తెలిసినంతగా ఎదుట నిలబడ్డ ఇద్దరికీ తెలియదు. అయినా అది ఆగుతుంది. వాళ్లలో ఒకరు 'ప్రొసీడ్' అనే మీట నొక్కితేనే ఇంజిన్ అంటుకుంటుంది. నొక్కకపోతే అంటుకోదు.

1969 జూలై 20న ఈగిల్ నౌక చంద్రుడి మీదికి దిగడం మొదలుపెట్టింది ఆ ఒక్క మీట నొక్కాకే. దాన్ని నడిపించిన అపోలో గైడెన్స్ కంప్యూటర్ గురించి చదివినప్పుడల్లా ఆ మినుకుమినుకుమనే అంకె దగ్గరే నా మనసు ఆగిపోతుంది. యంత్రాల తెలివి మీద ఇవాళ మనం ఎంత ఆధారపడుతున్నామో, ఇంకా ఎంత ఆధారపడబోతున్నామో అందరూ మాట్లాడుతున్నారు. పగ్గం ఎవరి చేతిలో ఉంటుందన్న భయమూ ఉంది. ఆ పగ్గం మాటల్లో ఉండదు. అది వైర్లలో, మీటల్లో, కిటికీ అద్దం మీది గీతల్లో ఉంటుంది. చేసినవాడు దాన్ని అక్కడ పెడితేనే ఉంటుంది. ఈ కంప్యూటర్ను చేసినవాళ్లు పెట్టారు. ఎలా పెట్టారో దగ్గరగా చూపించాలన్నదే ఈ వ్యాసం.

దీన్ని తయారుచేసింది అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబొరేటరీ. దాని అధిపతి చార్లెస్ స్టార్క్ డ్రేపర్. 1961 ఆగస్టులో, అపోలో కార్యక్రమం మొత్తంలోనే తొలి పెద్ద కాంట్రాక్టుగా ఈ పని వాళ్లకు దక్కింది. రాకెట్ ఆకారం ఇంకా తేలలేదు, చంద్రుడి మీద దిగే పద్ధతి తేలలేదు. దారి చూపే యంత్రం మాత్రం మొదలైపోయింది. చివరికి తయారైన పెట్టె బరువు 32 కిలోలు. వాడే కరెంటు 55 వాట్లు, అంటే పాతకాలపు బల్బు ఒకటి వెలిగేంత. చెరిపి రాసుకోగల జ్ఞాపకం 2,048 పదాలు. చెరగని జ్ఞాపకం 36,864 పదాలు. ఈ రోజు మన ఫోన్‌లో ఒక ఫొటోకు పట్టే చోటు కూడా కాదది.

ఆ చెరగని జ్ఞాపకాన్ని చేత్తో నేశారు. ఇది అలంకారం కాదు. బోస్టన్ దగ్గర వాల్తమ్‌లోని రేథియన్ ఫ్యాక్టరీలో స్త్రీలు కూర్చుని, సన్నని రాగి తీగను సూదితో చిన్న చిన్న అయస్కాంత వలయాల గుండా దూర్చేవారు. తీగ వలయం లోపలి నుంచి పోతే ఒకటి, పక్క నుంచి పోతే సున్నా. ప్రోగ్రాం అంటే అంతే. ఒక్కో మాడ్యూల్‌లో 512 వలయాలు. ఒక్కో వలయం దగ్గర 192 తీగలు లోపలికో పక్కకో పోవాలి. ఏ వలయంలోకి సూది పోవాలో పంచ్ చేసిన టేపు చూసి ఒక యంత్రం చూపించేది, దూర్చేది మాత్రం మనిషి చెయ్యి. ఆ ప్రాంతం గడియారాల తయారీకి, నేత మిల్లులకు పేరుపడ్డది. ఆ పనుల్లో ఆరితేరిన వేళ్లు కొన్ని ఇక్కడికి వచ్చాయి. మగ్గం ఎరిగిన మనకు ఆ పని విలువ వేరే చెప్పనక్కర్లేదు. చీరలో ఒక పోగు తప్పితే చూపు అక్కడే పడుతుంది. ఇక్కడ ఒక తీగ తప్పితే దారి లెక్కే తప్పుతుంది. అందుకే నేసిన ప్రతి మాడ్యూల్‌నూ మళ్లీ మళ్లీ పరీక్షించేవారు.

ఒకసారి నేశాక మార్చడానికి వీల్లేదు. కరెంటు పోయినా ఆ రాత పోదు. ప్రయాణానికి చాలా ముందే ప్రోగ్రాం ఖరారు చేసి నేతకు ఇచ్చెయ్యాలి, ఆ తర్వాత తోచిన మంచి ఆలోచన ఏదైనా వచ్చే ప్రయాణానికే. ఎప్పుడంటే అప్పుడు సరిచేసుకోవచ్చు అనే ధీమా లేని చోట మనిషి ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తాడో, ఆ రాత చూస్తే తెలుస్తుంది.

ఇక మనిషితో అది మాట్లాడే తీరు. ముందున్న పలకకు 19 మీటలు. వాటిలో ముఖ్యమైనవి రెండు: వెర్బ్, నౌన్. క్రియకు రెండంకెలు, నామవాచకానికి రెండంకెలు. "చూపించు" ఒక క్రియ. "ఎత్తు, వేగం" ఒక నామం. మన వ్యాకరణంలో కర్త, కర్మ, క్రియ అని నేర్చుకుంటాం. ఈ పలక మీద కర్త లేడు. తెలుగులో "నీళ్లు తే" అన్నప్పుడు "నువ్వు" అని ఎలా అనమో, ఇక్కడా అంతే. ఆజ్ఞ ఎవరు ఇస్తున్నారో, ఎవరు అందుకుంటున్నారో ఇద్దరికీ తెలుసు. క్రియ అంకెలు మినుకుమంటే మాత్రం వాక్యం తిరగబడుతుంది. అప్పుడు అడుగుతున్నది యంత్రం, చెయ్యవలసినది మనిషి. మొదట చెప్పిన 99 అలాంటి క్రియే.

ఆ పలక మీద 'కీ రిలీజ్' అని ఒక చిన్న దీపం ఉంది. పెద్దగా ఎవరూ చెప్పుకోరు గాని నాకు ఎంతో ఇష్టమైన పనితనం అది. వ్యోమగామి ఏదో అంకెలు చూసుకుంటూ ఉంటాడు. అదే సమయంలో కంప్యూటర్‌కు అదే పలక మీద ఒక సంగతి చూపించాల్సి వస్తుంది. తన పనిని మధ్యలో తోసెయ్యకుండా అది ఆ దీపం వెలిగించి ఊరుకుంటుంది. తన పని అయ్యాక మనిషి ఆ మీట నొక్కితే పలక మళ్లీ యంత్రానిది. మాట్లాడుతున్నవాడి మాట పూర్తయ్యేదాకా ఆగే మర్యాద అది. మరీ ముంచుకొచ్చిన ప్రమాదమైతే ఆగకుండా మధ్యలోనే కల్పించుకునే ఏర్పాటూ చేశారు. సాఫ్ట్‌వేర్ బృందాన్ని నడిపిన మార్గరెట్ హామిల్టన్ తన పనిలో ప్రత్యేకంగా చెప్పుకునేవాటిలో ఇదొకటి. ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఆగకూడదు అన్నది ఇంత జాగ్రత్తగా విడదీసిన యంత్రాలు ఇప్పటికీ తక్కువే.

కిటికీ సంగతి చెప్పాలి. దిగే నౌకలో కమాండర్ ముందున్న కిటికీకి రెండు అద్దాలు. లోపలి అద్దం మీద ఒక గీతల కొలబద్ద, బయటి అద్దం మీద మరొకటి. తల సరైన చోట పెట్టి చూస్తే రెండు కొలబద్దలూ ఒకదాని మీద ఒకటి కుదురుకుంటాయి. దిగబోయే ముందు దశలో కంప్యూటర్ పలక మీద ఒక కోణం చూపిస్తుంది. పక్కనున్న వ్యోమగామి ఆ అంకె పైకి చదువుతాడు. కమాండర్ ఆ అంకె ఉన్న గీత గుండా బయటికి చూస్తాడు. అక్కడ కనబడే నేల ముక్క మీదకే కంప్యూటర్ నౌకను తీసుకుపోతోంది. నచ్చకపోతే చేతిలోని పిడిని ఒకసారి కదిపితే చాలు. ఆ చోటు కొంచెం ముందుకో, వెనక్కో, పక్కకో జరుగుతుంది. కంప్యూటర్ లెక్క మళ్లీ కట్టుకుని కొత్త కోణం చూపిస్తుంది.

యంత్రం మనసులో ఏముందో మనిషికి ఇంత తేటగా కనబడిన చోటు మరొకటి నాకు తెలియదు. అద్దం మీద నాలుగు గీతలు, రెండంకెల సంఖ్య. ఖర్చు దాదాపు ఏమీ లేదు. నిన్ను ఎక్కడికి తీసుకుపోతున్నానో ఇదిగో, చూసుకో అని అది చెబుతూనే ఉంది. ఇవాళ మనకు అప్పు ఇవ్వాలో వద్దో, ఉద్యోగానికి పిలవాలో వద్దో తేల్చే యంత్రాలకు అలాంటి కిటికీ ఉందా అని అడగాలనిపిస్తుంది.

ఈగిల్ దిగిన రోజు మోగిన అలారాల కథ చాలామంది వినే ఉంటారు. కాని అందులో ఉన్న పనితనం మాత్రం తరచు మరుగున పడిపోతుంది. దాదాపు 10 కిలోమీటర్ల ఎత్తులో ఉండగా పలక మీద 1202 అని పడింది. కారణం ఇది. ప్రమాదం ముంచుకొస్తే వెనక్కి లేచి పోవడానికి సిద్ధంగా ఉండాలని, మాతృనౌకను వెతికే రాడార్‌ను పనిచేయిస్తూనే ఉంచారు. ఆ రాడార్‌కూ కంప్యూటర్ వైపు సర్క్యూట్‌కూ వేరువేరు చోట్ల నుంచి కరెంటు వస్తుంది. రెండింటి తరంగాల వేగం ఒకటే అయినా అడుగు కలవలేదు. దాంతో యాంటెన్నా కదలకపోయినా కదులుతున్నట్టు సెకనుకు వేల సంకేతాలు కంప్యూటర్‌లోకి దూసుకొచ్చాయి. ఒక్కొక్కదాన్ని లెక్కించడానికి అది తన పని ఒక్క క్షణం ఆపాలి. అలా దాని కాలంలో నూటికి 13 నుంచి 15 పాళ్లు ఊరికే పోయింది. ప్రతి రెండు సెకన్లకూ ఒకసారి దారి లెక్క పూర్తి కావాలి. పూర్తికాకముందే తర్వాతి లెక్క వచ్చి పడింది. దాని మీద ఇంకొకటి. పనులు పెట్టుకునే చోటు నిండిపోయింది. నిండిపోయిందని చెప్పడమే 1202.

మామూలు యంత్రమైతే అక్కడే బిగుసుకుపోతుంది. దీనికి పనుల వరస పెట్టే ఎగ్జిక్యూటివ్ అనే ప్రోగ్రామును రూపొందించినవాడు హాల్ లానింగ్. ప్రతి పనికీ ఒక ప్రాధాన్యం ఉంటుంది, ముఖ్యమైనది ముందు. దాని వెనక మరో ఏర్పాటు: పెద్ద పనులన్నీ ఎక్కడిదాకా వచ్చామో మధ్యమధ్య గుర్తు పెట్టుకుంటూ పోవాలి. చోటు నిండిపోగానే కంప్యూటర్ అన్నిటినీ ఒక్కసారి దులిపేసి, గుర్తు పెట్టుకున్న చోటి నుంచి ముఖ్యమైన పనులను మళ్లీ ఎత్తుకుంటుంది. ఇంజిన్ బలం, నౌక నిలకడ, దారి లెక్క నిలిచాయి. కమాండర్ పక్కనున్న ఆల్డ్రిన్ చూసుకోవడానికి అడిగిన అంకెల పని రాలిపోయింది. ఇల్లు తగలబడుతుంటే పసిపిల్లను ఎత్తుకుని బయటపడతాం, బీరువా వదిలేస్తాం. దేన్ని ఎత్తుకోవాలో, దేన్ని వదలాలో ఏళ్ల ముందే కూర్చుని తేల్చి పెట్టిన వాళ్లకు నేను నమస్కరిస్తాను. అంతకు మించి, ఆ కంప్యూటర్ పని వదిలేసిన సంగతి దాచలేదు. అన్నీ సవ్యంగానే ఉన్నట్టు నటించలేదు. నా వల్ల కావడం లేదు, కొంత వదిలేశాను అని అప్పటికప్పుడు చెప్పింది.

చెప్పినదాన్ని అర్థం చేసుకునే మనిషి కూడా కావాలి గదా. హ్యూస్టన్‌లో గైడెన్స్ చూస్తున్న స్టీవ్ బేల్స్‌కు అప్పుడు 26 ఏళ్లు. వెనక గదిలో ఉన్న జాక్ గార్మన్‌కు 24. కొద్ది వారాల ముందు ఒక నమూనా అభ్యాసంలో ఇలాంటి అలారమే ఇచ్చి వాళ్లను పరీక్షించారు. బేల్స్ ఆ రోజు దిగడం ఆపేయమన్నాడు, అది పొరపాటని తేలింది. ఆ తర్వాత ప్రతి అలారానికీ ఏం చెయ్యాలో ఒక పట్టీ రాసుకోమన్నారు. గార్మన్ చేత్తో రాసుకున్నాడు. అసలు రోజున 1202 పడగానే ఆ పట్టీలోని మాట అతని నోట వచ్చింది: ఎడతెగకుండా రాకపోతే భయం లేదు, దిగవచ్చు. అర నిమిషం లోపే ఆ మాట ఈగిల్‌కు చేరింది. అలారం మొత్తం అయిదుసార్లు వచ్చింది. యంత్రాన్ని నమ్మడం వేరు, దాని భాష నేర్చుకుని నమ్మడం వేరు.

దీనికి లోపమే లేదని చెప్పను. అలారాల గొడవలో కమాండర్ ఆర్మ్‌స్ట్రాంగ్ చూపు లోపలే ఇరుక్కుపోయింది. కిటికీ కొలబద్ద గుండా చూడవలసిన సమయం కొంత పోయింది. తల ఎత్తి చూసేసరికి కంప్యూటర్ వాళ్లను పెద్ద బండరాళ్లు పరుచుకున్న ఒక గొయ్యి దగ్గరికి తీసుకుపోతోంది. అతను పగ్గం అందుకుని, ఆ రాళ్లు దాటించి, చదునైన నేల వెతికి దించాడు.

యంత్రం చేతకాక చేతులెత్తేస్తే మనిషి కాపాడాడని ఈ ఘట్టాన్ని చెప్పేవాళ్లు చాలామంది. అది నిజం కాదు, ఆ పనివాళ్లకు న్యాయమూ కాదు. ఆర్మ్‌స్ట్రాంగ్ పిలిచిన ప్రోగ్రాం పేరు పి-66. అందులో నౌకను ఎటు వంచాలో కమాండర్ పిడితో చెబుతాడు. ఆ వంపును పట్టి ఉంచేది కంప్యూటరే. దిగే వేగాన్ని ఒక చిన్న స్విచ్చిని తట్టి మారుస్తాడు, ఒక్కో తట్టుకు సెకనుకు ఒక అడుగు చొప్పున. ఆ వేగం నిలిచేలా ఇంజిన్‌ను పెంచి తగ్గించేది కంప్యూటరే. పిడికీ ఇంజిన్‌కూ మధ్య తాళ్లూ లేవు, కడ్డీలూ లేవు. మనిషి చెయ్యి ప్రతిసారీ యంత్రం గుండానే వెళ్లింది. ఎక్కడికి అన్నది మనిషి చెప్పాడు. ఎలా అన్నది యంత్రం చూసుకుంది. ఏనుగు మీద మావటివాడు ఎంత బలంతో కూర్చుంటాడు? బలమంతా ఏనుగుదే, దారి మావటివాడిది.

మనిషిదీ తప్పు జరుగుతుంది. ఆ సంగతి ఒప్పుకోవడానికే పెద్దవాళ్లకు మనసు రాలేదు. హామిల్టన్ అప్పుడప్పుడు తన చిన్నారి కూతురిని ల్యాబ్‌కు తీసుకెళ్లేది. ఆ పాప మీటలతో ఆడుకుంటూ, ప్రయాణం మధ్యలో ఉండగా బయలుదేరే ముందు వాడే పి-01ను పిలిచి నమూనా నౌకను తబ్బిబ్బు చేసింది. దీనికి అడ్డు పెడదామని హామిల్టన్ అడిగితే, అంత శిక్షణ పొందిన వ్యోమగాములు అలాంటి పొరపాటు చేయరని వద్దన్నారు. 1968 డిసెంబరులో అపోలో-8 చంద్రుడి నుంచి తిరిగివస్తుండగా జిమ్ లోవెల్ సరిగ్గా ఆ పొరపాటే చేశాడు. నక్షత్రం 01 అనబోయి ప్రోగ్రాం 01 అని కొట్టాడు. నౌక ఎటు తిరిగి ఉందో కంప్యూటర్ మరిచిపోయింది. నక్షత్రాలను చూసి మళ్లీ దిక్కు నేర్పుకోవలసి వచ్చింది. మనిషి చేతిలో పగ్గం ఉండాలంటే ఆ చెయ్యి వణికే క్షణాన్ని కూడా లెక్కలో పెట్టాలని నాకు అర్థమైంది ఈ కథతోనే.

అపోలో-14 దీనికి తలకిందులు. 1971 ఫిబ్రవరి 5న దిగడానికి కొద్ది గంటల ముందు, దిగడం ఆపేయమని చెప్పే స్విచ్చి లోపల ఏదో తాకి, ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టు సంకేతం ఇవ్వసాగింది. కంప్యూటర్ ఆ స్విచ్చిని నమ్ముతుంది, నమ్మాలి కూడా. ప్రోగ్రాం తీగల్లో నేసి ఉంది, మార్చలేరు. మసాచుసెట్స్‌లో డాన్ ఐల్స్ అనే యువకుడు సుమారు రెండు గంటల్లో ఉపాయం కనిపెట్టాడు: దిగడం ఆపేసి ఇప్పటికే వెనక్కి పోతున్నామని కంప్యూటర్ అనుకునేలా, చెరిపి రాసే జ్ఞాపకంలో ఒక అంకె మార్చడం. అలాగైతే అది ఆ స్విచ్చి వంక చూడదు. నౌకలో ఉన్న ఎడ్గర్ మిచెల్ అందుకు కావలసిన అంకెలన్నీ చేత్తో కొట్టాడు. నౌక ఫ్రా మౌరో కొండల దగ్గర దిగింది. యంత్రం లోపలి ఆలోచన మొత్తం చదవగలిగిన మనిషి ఉన్నాడు కాబట్టే అది కుదిరింది. చదవడానికి వీలుగా రాశారు కాబట్టి కూడా.

ఈ పెట్టె అక్కడితో ఆగలేదు. 1972 మే 25న కాలిఫోర్నియాలో గ్యారీ క్రియర్ ఒక ఎఫ్-8 యుద్ధ విమానాన్ని, పిడికీ రెక్కలకూ మధ్య ఉండే కడ్డీలన్నీ తీసేసి, ఈ అపోలో కంప్యూటర్ గుండానే నడిపాడు. ఆ సలహా వెనక ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నాడు. ఇవాళ మనం ఎక్కే విమానాలు చాలావరకు ఆ దారివే. ఆ దారిలో ఒక చోట ఏం తప్పిందో కూడా మనం చూశాం. బోయింగ్ 737 మ్యాక్స్‌లో ఎమ్‌క్యాస్ అనే ప్రోగ్రాం ఒకే ఒక్క సెన్సర్ మాట నమ్మి, విమానం ముక్కును పదే పదే కిందికి వంచింది. అది అడగలేదు. తొలి ప్రమాదం నాటికి పైలట్ల పుస్తకాల్లో దాని గురించి వివరణే లేదు. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో, రెండు విమానాల్లో 346 మంది చనిపోయారు. తెలివిలో ఆ విమానం కంప్యూటర్లు అపోలో పెట్టెకు ఎన్నో రెట్లు పైన.

అడగడానికి లోపల మనిషే లేకపోతే? శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3కు 2023 ఆగస్టు 23 సాయంత్రం 5 గంటల 44 నిమిషాలకు దిగమన్న అనుమతి ఇచ్చాక, 6 గంటల 4 నిమిషాలకు నేల తాకేదాకా దాని దిగే నౌక విక్రమ్ తనంతట తానే నడుచుకుంది. నేల మీద ఉన్నవాళ్లు చూస్తూ ఉండడమే. అలాంటప్పుడు అడగవలసినవన్నీ ముందే, బల్ల ముందు కూర్చుని అడిగి పెట్టుకోవాలి. 2019లో చంద్రయాన్-2 కూలాక ఇస్రో చేసింది అదే: ఏది చెడిపోతే ఏమవుతుందన్న ప్రశ్నతో పని మొదలుపెట్టింది. దిగే చోటును అర కిలోమీటరు చదరం నుంచి నాలుగు కిలోమీటర్ల పొడవు, దాదాపు రెండున్నర కిలోమీటర్ల వెడల్పుకు పెంచింది. అది కూడా పగ్గమే, చాలా ముందుగా పట్టుకున్న పగ్గం.

ఆ అపోలో ప్రోగ్రాముల అచ్చు ప్రతులు ఇప్పుడు ఎవరైనా చదువుకోవచ్చు. వాటిలో పి-65 అని ఒకటి ఉంది. మనిషి చెయ్యి పడకుండా నౌకను తనంతట తానే నేలకు దించేది. ఆరుసార్లు మనుషులు చంద్రుడి మీద దిగారు. ఆరుసార్లూ చివరి నిమిషంలో కమాండర్ పి-66ను పిలిచాడు.